చూడని రాత్రి

పైగదికి మారిన ఐదో రాత్రి హైమవతికి ఒక సంగతి తెలిసివచ్చింది. డాబా మీద ఎవరు నడిచినా కింద మంచం మీద పడుకున్నవాళ్ళకి ప్రతి అడుగూ వినబడుతుంది.

1993 జూన్. మునిర్కా ఊళ్ళో, గల్లీ చివర, చౌధరీగారి మూడంతస్తుల ఇల్లు. తొమ్మిదిన్నరకి కరెంటు పోయి కూలర్ ఆగిపోయింది. ఆ హోరు ఆగేసరికి ఇల్లంతా ఒక్కసారి ఖాళీ అయినట్టుంది. అప్పుడు నెత్తిమీద అడుగులు మొదలయ్యాయి. ఇంటివాళ్ళ కోడలు కమలేశ్ ఆరేసిన బట్టలు తీయడానికి పైకెళ్ళింది. మెట్ల దగ్గర నుంచి నీళ్ళ ట్యాంకు దాకా ఏడు అడుగులు. అక్కడ ఆగింది. దండెం వెంబడి మరో నాలుగు. ఒక చెప్పు కాస్త ఈడుస్తోంది. తర్వాత దక్షిణపు గోడవైపు మళ్ళింది. అక్కడ టెలిస్కోపు కోసం పోయించిన సిమెంటు దిమ్మ ఉంది. దాన్ని చుట్టి వెనక్కి వచ్చింది. హైమవతి కళ్ళు మూసుకునే ఉంది కానీ, కమలేశ్ ఏ క్షణాన ఎక్కడున్నదీ వేలు పెట్టి చూపించగలదు.

ఆమె లేచి కూర్చుంది.

నిరుటి దాకా ఈ గదిలో, ఈ మంచం వేసిన చోటే, చూపు లేని మనిషి ఒకాయన పడుకునేవాడు. ఆయన లోకమంతా చెవుల్లోనే ఉండేది. అంటే, ఆ రాత్రి సంగతి ఆయనకి తెలుసా?

హైమవతిది రేపల్లె. స్టాఫ్ సెలెక్షన్ పరీక్ష రాసి, ఇరవై మూడేళ్ళ వయసులో, 1980లో, కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఢిల్లీ వచ్చింది. ఒంటరి ఆడపిల్లకి గది ఇచ్చేవాళ్ళు దొరక్క రెండు నెలలు హాస్టల్లో అవస్థపడింది. చివరికి ఆఫీసులో ఎవరో చెబితే మునిర్కాలో ఈ ఇంటికి వచ్చింది. చౌధరీ ససేమిరా అన్నాడు. పైగదిలో అద్దెకుంటున్న ముసలాయన మెట్లు దిగి వచ్చి, హిందీలో, "మా అన్న కూతురు. దీని పూచీ నాది" అన్నాడు. అంతకుముందు ఆయన ఆమె మొహం కూడా చూడలేదు. చౌధరీ వెళ్ళాక తెలుగులో అడిగాడు: "ఏందమ్మా నీ పేరు?"

ఆయన వీరరాఘవులు. కందుకూరు మనిషి. మిలిటరీ సిగ్నల్స్‌లో టెలిప్రింటర్ మీద పనిచేసి, సుబేదారుగా ఢిల్లీ కంటోన్మెంటులో రిటైరయ్యాడు. భార్య పార్వతమ్మ. పిల్లల్లేరు. ఆ రోజు నుంచి హైమవతికి ఆయన బాబాయిగారు, ఆమె పిన్నిగారు అయ్యారు.

జైసల్మేరు దగ్గర ఎడారిలో ఉన్న రోజుల్లో వీరరాఘవులుకి నక్షత్రాల పిచ్చి పట్టింది. రిటైరయ్యాక ఆరంగుళాల అద్దాన్ని తనే అరగదీసుకున్నాడు. పాత నూనె పీపా మీద ఒక గాజు పలక బిగించి, దాని మీద రెండో పలకని రాపిడి పొడితో రుద్దుతూ, పీపా చుట్టూ ఎనిమిది నెలలు ప్రదక్షిణం చేశాడట. గొట్టాన్ని కూలర్లు చేసే మిస్త్రీ రేకుతో చుట్టి ఇచ్చాడు.

చంద్రుడూ శనీ ఆయనకి అక్కర్లేదు. కాంతి మారే నక్షత్రాలే కావాలి. వాటిల్లోనూ, ఏళ్ళ తరబడి కంటికి ఆనకుండా ఉండి, ఒక్కసారి భగ్గుమని వారంలో మళ్ళీ మాయమయ్యేవి కావాలి. వృశ్చికరాశిలో అట్లాంటిది ఒకటుంది. ఎర్రటి జ్యేష్ఠకి పైన, అనూరాధకి తూర్పున. మామూలు రోజుల్లో ఆయన టెలిస్కోపులో అక్కడ ఏమీ ఉండదు. వెలిగినప్పుడు కొన్ని గంటల్లో వేల రెట్లు పెరుగుతుంది. 1863, 1906, 1936, 1979. అప్పటికి మనుషులు చూసింది ఆ నాలుగుసార్లే. 1979లో వెలిగినప్పుడు వీరరాఘవులు చెల్లెలి ఇంట్లో పెళ్ళికి వెళ్ళి కందుకూరులో ఉన్నాడు. తిరిగొచ్చేసరికి ఆరిపోయింది.

"ఒక్కసారి చూస్తే చాలమ్మా," అనేవాడు.

వెలిగినా వెలగకపోయినా ప్రతి రాత్రీ ఏం కనబడిందో రాసి, నెలాఖరున తన టైపు మిషను మీద కొట్టి విదేశంలో ఉన్న ఒక పరిశీలకుల సంఘానికి పంపేవాడు. వాళ్ళు ఆయనకి గుర్తుగా మూడక్షరాలు ఇచ్చారు. నివేదికలో పేరుకి బదులు అవే. నూటికి నూరు రాత్రులూ ఆయన రాసేది ఒకటే మాట: కనబడలేదు.

"ఉందని రాయడానికి లోకంలో ఎవడో ఒకడు ఉంటాడు. లేదని రోజూ రాసేవాడే దొరకడు," అని ఆయన హైమవతికి నేర్పాడు. "నిన్న లేదని ఎవరో రాసి ఉంటేనే కదా, ఇవాళ వెలిగిందని తెలిసేది!"

1984లో ఆయన చూపు తగ్గడం మొదలైంది. నీటికాసులు. ఏడాది తిరిగేసరికి దీపం వెలుగుతోందో లేదో మాత్రమే తెలిసేది. 1985 మార్చి నుంచి డాబా ఎక్కడం హైమవతి వంతైంది. మధ్య అంతస్తులోని తన గదిలోంచి వచ్చి, ఆయన తలుపు ముందు నుంచే పైకెళ్ళేది. ఆకాశంలో ఆ చోటుని పట్టుకుని, చుట్టూ ఉన్న చుక్కల్ని పటంతో పోల్చి, ఎంత మసక చుక్క దాకా కనబడుతోందో చూసుకుని దిగేది. పొద్దున్నే పార్వతమ్మ ఇచ్చే కాఫీ తాగుతూ ఆయనకి చెప్పేది.

"ఉందా?"

"లేదండీ."

"సరే, రాయి."

ఆమె పుస్తకంలో రాసేది. నెలాఖరున ఫారం నింపేది. ఆయన తడుముకుంటూ సంతకం చేసేవాడు. విదేశం నుంచి వచ్చే ఉత్తరాలూ ఆమే చదివి వినిపించేది.

1987 మే పదిహేను. పౌర్ణమి వెళ్ళి రెండు రోజులైంది. ఆ వారమంతా ఆఫీసులో పార్లమెంటు ప్రశ్నలకి జవాబులు తయారుచేసే పని. ఎనిమిదింటికి ఇల్లు చేరింది. నాలుగు మెతుకులు తిని, పన్నెండింటికి లేద్దామని పడుకుంది. కళ్ళు తెరిచేసరికి కిటికీలో ఎండ ఉంది.

అంతే జరిగింది. అంతకంటే పెద్ద కారణమేదీ లేదు. తర్వాత పన్నెండేళ్ళు ఆమె వెతుక్కున్నా ఇంకో కారణం దొరకలేదు.

పైకి వెళ్తే వీరరాఘవులు ఎప్పటిలాగే తలుపు పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"చూశావా అమ్మా?"

నిద్రపోయానండీ అని చెప్పడానికే నోరు తెరిచింది. రెండేళ్ళుగా రోజూ లేదన్న నాలుక, లేదనే చెప్పింది.

"చూశానండీ. లేదు."

ఆయన చేతిలోని కాఫీ గ్లాసు పక్కన పెట్టేశాడు. "వెన్నెల బాగా ఉండి ఉంటుంది," అన్నాడు తర్వాత.

"ఉందండీ. పదకొండు దాకానే కనబడింది."

చుక్కల కాంతి కొలతలో అంకె పెరిగేకొద్దీ చుక్క మసక. పదకొండు దాకా వెతికినా కనబడలేదంటే అక్కడ ఏమీ లేదని అర్థం. పుస్తకంలో అట్లాగే రాసింది. తప్పు చేస్తున్నానని తెలుసు. కానీ ఆకాశంలో ఒక ఖాళీ చోటుని ఒక రాత్రి చూడకపోతే ఏమవుతుందనుకుంది.

ఆ సాయంత్రం ఆంధీ లేచింది. పశ్చిమాన్నుంచి గోడలాగా వచ్చిన దుమ్ము ఐదు రోజులు ఢిల్లీ మీద నుంచి కదల్లేదు. హైమవతి ఐదు రాత్రులూ డాబా ఎక్కింది. జ్యేష్ఠ కూడా కనబడలేదు. ఐదు రోజులూ "దుమ్ము" అని రాసింది. ఆ మాట నిజం.

జూలైలో ఒక ఆదివారం, విదేశపు స్టాంపుతో ఉత్తరం వచ్చింది. వీరరాఘవులు మంచం మీద, పార్వతమ్మ గుమ్మంలో బియ్యం ఏరుతూ. హైమవతి పైకి చదవడం మొదలుపెట్టింది. మొదటి పేరా కృతజ్ఞతలు. రెండో పేరా మీదికి ఆమె కళ్ళు గొంతు కంటే ముందు వెళ్ళాయి. మే నెల మధ్యలో వృశ్చికంలోని ఆ నక్షత్రం వెలిగింది. పదిహేనో తేదీ రాత్రి, మీరు చూసిన వేళకి దగ్గర్లోనే, మరో ఇద్దరు దాన్ని తొమ్మిదో అంకె కాంతితో చూశారు. మీ నివేదికలో పదకొండు దాకా కనబడలేదని ఉంది. దయచేసి మీ పుస్తకం ఒకసారి సరిచూడగలరా?

ఆ పేరా ఆమె పైకి చదవలేదు. మూడో పేరాలోకి దూకింది. కొత్త ఫారాలు వేరే పంపుతున్నారట.

"అంతేనా?" అన్నాడు వీరరాఘవులు.

"అంతేనండీ."

"మన తేలు సంగతి ఏమీ రాయలేదా?"

"లేదు బాబాయిగారూ."

ఆయన మొహం ఆమెవైపే ఉంది. చూపులేని మొహం అంతసేపు తనవైపు ఉండటం ఆమె అంతకుముందు ఎరగదు. "సరే. మడిచి పెట్టు," అన్నాడు.

ఆ ఏడాది వచ్చిన సంఘం పత్రికల్లో మూడుచోట్ల ఆ వెలుగు గురించి రాశారు. మూడింటినీ ఆమె దాటేసింది. ఆయన జీవితమంతా ఎదురుచూసిన వస్తువు వచ్చి వెళ్ళింది. ఆయన ఇంటి మీదే వెలిగింది. ఆ సంగతి ఆయనకి చెప్పాల్సిన నోరు తనదొక్కటే.

చెబుదామనుకున్న రోజులు లేకపోలేదు. ఆయన పొద్దున్నే, "ఉందా?" అని అడగ్గానే మాట లోపలికి పోయేది. ఆ రాత్రి తర్వాత ఆమె ఒక్కరోజు కూడా మానలేదు. జ్వరం ఉన్నా ఎక్కింది. జనవరి పొగమంచులో శాలువా చుట్టుకుని నాలుగున్నరకి ఎక్కింది. ఏమీ కనబడదని తెలిసిన రోజుల్లో కూడా ఎక్కి, ఏమీ కనబడలేదని రాసింది.

1992 జనవరిలో వీరరాఘవులు పోయాడు. గుండెపోటు. ఆసుపత్రిలో రెండు రోజులున్నాడు. రెండో రోజు తెల్లవారుజామున హైమవతి పక్కన ఉండగా, "తేలు లేచిందా?" అన్నాడు.

"లేస్తోందండీ."

"వెళ్ళి చూడు మరి," అని కళ్ళు మూసుకున్నాడు. ఆమె వెళ్ళలేదు. వెళ్తే బాగుండేదేమోనని తర్వాత అనిపించింది.

ఆరోజు సాయంత్రం ఆయన పోయాక, మిగిలిన పనులన్నీ అయ్యాక, పార్వతమ్మ ఏడాదిపాటు ఆ గదిలో ఒక్కతే ఉంది. ఆ తర్వాత ఆమె అక్క కొడుకు కిరణ్‌కుమార్ వచ్చి నోయిడాలో తన ఇంటికి తీసుకెళ్ళాడు. వెళ్తూ టెలిస్కోపు హైమవతికి ఇచ్చింది. ఖాళీ అయిన పైగదిని చౌధరీ ఆమెకే ఇచ్చాడు. అట్లా వచ్చిన ఐదో రాత్రే ఆమెకి కమలేశ్ అడుగులు వినబడ్డాయి.

ఆ తర్వాత ఆమెకి ఆ గదిలో పూర్తి నిద్ర లేదు. పిల్లి నడిచినా తెలిసేది. కోతులు ట్యాంకు మీదికి దూకితే తెలిసేది. వాన మొదటి చినుకు ఏ మూల పడిందో తెలిసేది. అన్నిటికంటే, ఏ చప్పుడూ లేని రాత్రులు భరించడం కష్టంగా ఉండేది. పైన ఎవరూ లేరని తెలిసి, ఆ లేకపోవడాన్ని వింటూ పడుకునేది. ఆయన కూడా ఇట్లాగే విన్నాడా? పన్నెండు, పన్నెండున్నర, ఒంటిగంట. అమ్మాయి ఇంకా రాలేదేమనుకుంటూ? పొద్దున్నే అంతా తెలిసే, చూశావా అమ్మా అని అడిగాడా?

విని ఉండడు, నిద్రపట్టి ఉంటుందని ఒక రాత్రి అనుకునేది. మర్నాడు, వినకుండా ఎట్లా ఉంటాడనుకునేది.

డాబా మీద కూడా ఆయన వదల్లేదు. కంటిని కటకానికి ఆనించి ఆ ఖాళీ చోటుని చూస్తుంటే వెనక నుంచి, "ఉందా?" అన్నట్టుండేది. దయ్యాల మీద ఆమెకి నమ్మకం లేదు. ఎవరూ లేరని తెలుసు. అయినా, "లేదండీ" అని పైకే అనేది. ఒకసారి బట్టలు తీయడానికి వచ్చిన కమలేశ్ అది విని, "కిస్‌సే బాత్ కర్ రహీ హో దీదీ?" అని అడిగింది. ఎవరితోనూ మాట్లాడటం లేదంటూ హైమవతి మళ్ళీ కటకం మీదికి వంగింది.

నివేదికలు మాత్రం నెలనెలా వెళ్తూనే ఉన్నాయి. ఆయన పోయాడని సంఘానికి రాయలేదు. ఆయన మూడక్షరాల కిందే రాసి, ఆయన తరఫున తన సంతకం పెట్టేది. రాస్తే, ఎప్పటి నుంచి చూస్తున్నారు, ఏయే రాత్రులు మీవి అని అడుగుతారేమోనని భయం.

1995లో ఆమెకి ప్రభుత్వ క్వార్టరు వచ్చింది. సాకేత్ పక్కనే, పుష్ప విహార్‌లో. పదిహేనేళ్ళ ఎదురుచూపు. పక్క సీటులో పనిచేసే అన్నపూర్ణేశ్వరి స్వయంగా వెళ్ళి చూసొచ్చింది.

"రెండు గదులు, వంటిల్లు, ముందు చిన్న తోట. ఎప్పుడు మారుతున్నావ్?"

"గ్రౌండ్ ఫ్లోరు కదా. వద్దని రాసిచ్చాను."

"పాగల్ హో గయీ క్యా? కింద ఇల్లు దొరకడం అదృష్టం! వద్దని రాసిస్తే మళ్ళీ ఎన్నేళ్ళకో!"

"నాకు డాబా కావాలి."

అన్నపూర్ణేశ్వరి కుర్చీ ఆమెవైపు తిప్పింది. "ఏముందే ఆ డాబా మీద?"

ఏమీ లేదు. అది నిజమైన జవాబే కానీ చెప్పలేకపోయింది. పెళ్ళి మాట కూడా రెండుసార్లు వచ్చి పోయింది. రెండోసారి అడిగినాయనది మంచి ఉద్యోగం, నిదానమైన మనిషి. పన్నెండింటికి లేచి డాబా ఎక్కే భార్యని గురించి ఆయన అక్కచెల్లెళ్ళు ఏమనుకుంటారోనని ఆమే వెనక్కి తగ్గింది.

1996 ఏప్రిల్‌లో ఒక రాత్రి ఆ చోట వెలుగు కనబడింది. అతి సన్నగా, ఉండీ లేనట్టు. కన్ను తీసి మళ్ళీ చూసింది. ఉంది. పక్కకి చూస్తే లేదు. గంటసేపు చూసింది. తెల్లవారేసరికి అది తన కంటిలోని మెరుపో, నిజం చుక్కో తేల్చుకోలేకపోయింది. మరుసటి రాత్రి ఏమీ లేదు. ఉందని రాస్తే పాత అబద్ధానికి పరిహారం దొరుకుతుందన్న ఆశ ఒకటి మనసులో మెదిలింది. దాన్ని చూసి ఆమెకే భయమేసింది. ఆ తేదీకి ఎదురుగా "నమ్మకంగా చెప్పలేను" అని రాసింది.

1999 ఫిబ్రవరి ఇరవై ఆరు, శుక్రవారం. బడ్జెట్ వారం కావడంతో ఆఫీసు నుంచి తొమ్మిదింటికి వచ్చింది. అలారం నాలుగింటికి మోగింది. చంద్రుడు అస్తమించాడు. ఆగ్నేయాన తేలు తల పైకెత్తి ఉంది. హైమవతి గొట్టాన్ని తిప్పి, అలవాటైన దారిలో చుక్క మీంచి చుక్కకి నడిచి, ఆ చోటికి చేరింది.

అక్కడ నక్షత్రం ఉంది.

సందేహించడానికి అందులో ఏమీ లేదు. చుట్టూ ఉన్న చుక్కలన్నిటికంటే బాగా, నిలకడగా, ఎప్పటి నుంచో అక్కడే ఉన్నదానిలా వెలుగుతోంది. ఆమె పటం తీసి ఎర్రకాగితం చుట్టిన టార్చి వెలుగులో మూడుసార్లు సరిచూసింది. పక్క చుక్కలతో పోల్చింది. కాంతి ఎనిమిదిన్నర. గడియారం చూసి వేళతో సహా రాసింది.

అప్పుడు వెనక్కి తిరిగింది. ఎవరో అడుగుతారని ఎదురుచూసింది. ఆరేడేళ్ళుగా రోజూ వినబడ్డ గొంతు ఆ పూట వినబడలేదు. గల్లీలో పాలవాడి సైకిలు గంట మోగింది. పక్కింట్లో ఎవరో దగ్గారు. ఆమె డాబా మీద నిలబడి చాలాసేపు ఏడ్చింది. సంతోషం కాదు. దాన్ని చూడాల్సింది తను కాదు.

మార్కెట్లో ఫ్యాక్సు బూత్ తెరవగానే నివేదిక పంపింది. ముందురోజే ఐరోపాలో దాన్ని కనిపెట్టారని తర్వాత తెలిసింది. అది పెద్దగా బాధించలేదు. నాలుగు రోజులు వరసగా చూసింది. కాంతి పదకొండుకి దిగింది. తర్వాత వెన్నెల్లో కలిసిపోయింది. వెన్నెల తగ్గాక చూస్తే పాత ఖాళీయే ఉంది.

ఆ తర్వాతి ఆదివారం సంఘానికి ఉత్తరం రాయడానికి కూర్చుంది. నాలుగుసార్లు చింపింది. ఐదోసారి రాసింది పోస్టు చేసింది. ఈ అక్షరాల మనిషి 1992లో పోయారు. 1985 నుంచి చూసింది నేను. 1987 మే పదిహేను రాత్రి నేను చూడలేదు, నిద్రపోయాను. కనబడలేదని అబద్ధం రాశాను. మీరు సరిచూడమని రాసిన మాట ఆయనకి వినిపించలేదు. దయచేసి ఆ ఒక్క అంకె కొట్టేయండి. ఆయన తప్పేమీ లేదు.

జవాబు మే నెలలో వచ్చింది. మందంగా ఉంది. కార్యదర్శి మర్యాదగా రాశాడు. వీరరాఘవులుగారి మరణవార్తకి విచారిస్తున్నాం. మీ పేరుతో కొత్త గుర్తు తీసుకోండి, ఫారం జతచేశాం. మీరు చెప్పిన తేదీ నాటి పరిశీలన మా జాబితాలో లేదు. పరిశీలకుడే దాన్ని అప్పట్లో ఉపసంహరించుకున్నారు. ఆ ఉత్తరం నకలు పంపుతున్నాం. అందులో ఒక వరుస మాకు ఎన్నడూ బోధపడలేదు.

నకలు కాగితం మీద ఇంగ్లీషు టైపు అక్షరాలు. తేదీ 1987 జూన్ మూడు. సంఘం వాళ్ళ ఉత్తరం జూలైలో వచ్చింది. అంటే రెండూ దారిలో ఒకదాన్నొకటి దాటి ఉంటాయి. నక్షత్రం వెలిగిందని ఎవరూ చెప్పకముందే ఆయన రాశాడు. టెలిప్రింటర్ మీద ముప్ఫై ఏళ్ళు పనిచేసిన వేళ్ళకి కళ్ళు అక్కర్లేదు. హైమవతి ఆఫీసుకి వెళ్ళిన ఏదో పగటిపూట తన టైపు మిషను మీద కొట్టి ఉంటాడు.

"మే 15 నాటి నా పరిశీలన కొట్టివేయగలరు. ఆ రాత్రి పరిశీలన జరగలేదు. బాధ్యత నాది." ఆ తర్వాత ఒక వరుస నిండా అర్థం లేని అక్షరాలు. దాని కింద: "దీనికి జవాబు రాయవద్దని మనవి. నా ఉత్తరాలు నాకు వేరొకరు చదివి వినిపిస్తారు."

ఆమె ఆ రాత్రి డాబా ఎక్కింది కానీ ఏం చూసిందో గుర్తులేదు.

మర్నాడు ఆఫీసులో భోజనాల వేళ అందరూ వెళ్ళాక, మూలన బట్ట కప్పిన పాత టైపు మిషను ముందు కూర్చుంది. కంప్యూటర్లు వచ్చాక దాన్ని ఎవరూ ముట్టడం లేదు. ఆ అర్థం లేని వరుసని పక్కన పెట్టుకుంది. ఆయన కుడిచెయ్యీ ఎడమచెయ్యీ ఒక్కో మీట కుడిపక్కకి జరిగి కూర్చున్నాయేమోనని రాత్రంతా అనిపిస్తూనే ఉంది. కాగితం మీది ప్రతి అక్షరానికీ మిషను మీద ఎడమపక్క ఏ మీట ఉందో చూసి, దాన్ని నొక్కింది. మొదటి మాట కుదిరింది. రెండోది కుదిరింది. ఒక్కో అక్షరం నొక్కుతూ చివరిదాకా వెళ్ళి కాగితం బయటికి లాగి చదివింది.

"మిగిలిన రాత్రులన్నీ నిజమైనవే. ఆమె అడుగులు నాకు వినబడతాయి."

భోజనం నుంచి తిరిగొచ్చిన అన్నపూర్ణేశ్వరి, "ఏమైంది హైమా? ఊరి నుంచి ఏదైనా కబురా?" అని భుజం పట్టుకుంది. హైమవతి తల అడ్డంగా ఊపింది.

ఆ శనివారం నోయిడా వెళ్ళింది. కిరణ్‌కుమార్ ఇంట్లో లేడు. పార్వతమ్మ టీవీ ముందు కూర్చుని కార్గిల్ వార్తలు చూస్తోంది. పోయిన జవాన్ల పేర్లు వింటూ పెదవులు కదుపుతోంది. హైమవతిని చూసి టీవీ కట్టేసింది. ఫిబ్రవరిలో ఆ నక్షత్రాన్ని చూసిన సంగతి చెప్పి, కాగితం తీసి హైమవతి తెలుగులో చదివి వినిపించింది. ముసలామె ఆశ్చర్యపోలేదు.

"ఆ రాత్రి నాకు గుర్తుందమ్మా. ఆయన మంచం మీద కూర్చునే ఉన్నాడు. పిల్ల రాలేదు, పార్వతీ అన్నాడు. వెళ్ళి లేపనా అన్నాను. వద్దు, అలిసిపోయి ఉంటది, ఒక్క రాత్రికి ఏమైంది అన్నాడు. పొద్దున నువ్వొచ్చి చూశానన్నావు చూడూ, అప్పుడు... ఆ పూట కాఫీ తాగలేదు."

"నన్ను ఎందుకు అడగలేదు పిన్నిగారూ?"

పార్వతమ్మ కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంది.

"నేనూ అన్నాను. నాలుగు చివాట్లు పెట్టరాదా అని. పెడితే ఆ పిల్ల సిగ్గుపడి మళ్ళీ మెట్లెక్కదు. ఎక్కకపోతే నాకు కళ్ళెవరిస్తారు అన్నాడు. నీ మీద దయతోనే ఊరుకున్నాడని నేను చెప్పను. ఆయన అక్కర కూడా ఉంది. తర్వాత పోయేదాకా ఒక్క రాత్రి నిద్రపోలేదు. నువ్వు ఎక్కి, దిగి, తలుపేసుకున్నాకే పడుకునేవాడు."

హైమవతికి ఆ ఐదేళ్ళ రాత్రులు ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. చీకట్లో తను ఒంటరిననుకుంటూ తిరిగిన ప్రతి అడుగునీ కింద ఒక మనిషి వింటూ ఉన్నాడు.

"ఇంకొకటుంది పిన్నిగారూ," అంది. "ఆ రాత్రే అది వెలిగింది. నేను చూడని రాత్రి. బాబాయిగారికి నేను చెప్పలేదు. ఆయనకి తెలుసా?"

పార్వతమ్మ చేతిలో కళ్ళజోడు ఆగింది. "వెలిగిందా? ఎప్పుడూ?"

"ఎనభై ఏడులోనే."

పైన ఎవరింట్లోనో కుర్చీ లాగిన చప్పుడైంది. హైమవతి ఉలిక్కిపడింది.

"తెలియదమ్మా ఆయనకి," అంది పార్వతమ్మ. "పోయే ముందు సంక్రాంతికి కూడా, నా బతుకులో వస్తదో రాదో అన్నాడు." కోపం లేకుండానే, "అది మాత్రం చెప్పాల్సింది," అంది.

"అవునండీ."

పార్వతమ్మ లేచింది. లోపలికి వెళ్ళి మజ్జిగ తెచ్చింది. గ్లాసు అందిస్తూ, "ఇంతకీ ఈసారి నువ్వు చూశావన్నావుగా? ఎట్లా ఉందది?" అని అడిగింది.

"మామూలు చుక్కలాగే ఉంది పిన్నిగారూ. అక్కడ అంతకుముందు ఏమీ లేదని తెలియనివాళ్ళకి ఏ తేడా తెలియదు."

"దానికోసమేనా!" అంది పార్వతమ్మ. నవ్విందో, మరేమిటో, హైమవతికి అర్థం కాలేదు.

తిరుగుబస్సులో యమున దాటుతుండగా ఆంధీ మొదలైంది. డ్రైవరు పగలే దీపాలు వేశాడు. మునిర్కాలో దిగేసరికి గాలి తగ్గింది కానీ ఆకాశం మట్టిరంగులో ఉంది. గదిలో అంతటా సన్నటి దుమ్ము. బల్ల తుడిచి, సంఘం పంపిన ఫారం ముందు పెట్టుకుంది. పేరు, ఊరు, టెలిస్కోపు సైజు రాసింది. నాలుగో గడి దగ్గర కలం ఆగింది. ఎప్పటి నుంచి క్రమం తప్పకుండా పరిశీలిస్తున్నారు?

కరెంటు పోయింది. కొవ్వొత్తి వెలిగించుకుని, ఇరుకైన గడిలో చిన్న అక్షరాలతో రాసింది: 1985 మార్చి నుంచి. మధ్యలో ఒక రాత్రి లేదు.

చదివేవాళ్ళకి అది వింతగా ఉంటుందని తెలుసు. అయినా కొట్టేయలేదు. కవరు అంటించి సంచిలో పెట్టుకుంది. పన్నెండు దాటాక పైకెళ్ళింది. దుమ్ము విడవలేదు. దక్షిణాన జ్యేష్ఠ ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఆమె పుస్తకంలో తేదీ వేసి, ఎదురుగా "దుమ్ము" అని రాసింది.